గుట్ట మీది గోడకు నీలిరంగు

మా తీరంలో అంతర్జాతీయ తెరచాప పడవల పోటీలు జరుగుతాయని ప్రకటన వెలువడిన వారంలోగా మా కాలనీ సంఘం సమావేశమైంది. అధ్యక్షుడిని నేను. ప్రధానోపాధ్యాయుడిగా ఉద్యోగ విరమణ చేసిన నాటి నుంచి ఆ పదవిని నాకు వదిలేశారు. హాజరు తీసుకోకుండా సమావేశం మొదలుపెట్టననీ, తీర్మానం రాయకుండా ముగించననీ అందరికీ తెలుసు.

మా చివరి వీధి నుంచి మత్స్యకారుల పేట దాకా ఉన్న తీరాన్ని అలంకరించే బాధ్యత అధికారులు మాకు అప్పగించారు. పనులను పట్టికగా వేశాను. గాజువాక నుంచి వచ్చే షేర్ ఆటోలు మలుపులో కాక గీతల మధ్య ఆగాలి. టీ కొట్ల బల్లలు కాలిబాట దిగాలి. ప్రహరీలన్నీ ఒకే రంగులో ఉండాలి. మా కార్యదర్శి ఉక్కు కర్మాగారంలో ఇంజనీరుగా పనిచేసిన మనిషి. పట్టిక చూసి, "మాస్టారూ, కెరటాలకు కూడా టైంటేబుల్ వేసేస్తే ఓ పనైపోతుంది," అన్నాడు. అందరూ నవ్వారు. నేను నవ్వలేదు.

పేటకు ఎగువన ఉన్న చిన్న గుట్ట మీద పాత పంపుహౌసు ఒకటి ఉంది. కప్పు ఎప్పుడో కూలిపోయింది. సముద్రం వైపు గోడ ఒక్కటే నిలువునా మిగిలింది. వేసవిలో వేట నిషేధం ముగిసే ముందు రోజు పేటవాళ్ళు డప్పులతో ఆ గుట్ట ఎక్కుతారు. గోడకంతటికీ సున్నం కొట్టి, పసుపు రాసి, బొట్లు పెట్టి, కొబ్బరికాయ కొడతారు. పాతికేళ్ళుగా ఆ తంతు మా మేడ మీద నుంచి చూస్తున్నాను. అది పూజ అనుకున్నాను.

ఆ గోడ ఎవరిదని వాకబు చేయించాను. ఏ కాగితంలోనూ సొంతదారు కనిపించలేదు. దాని మీద సముద్రపు నీలిరంగు వేయించి, మధ్యలో తెరచాప పడవ బొమ్మ గీయించాలని తీర్మానం రాశాను. అభ్యంతరాలుంటే ఏడు రోజుల్లోగా లిఖితపూర్వకంగా తెలపవలసిందని నోటీసు అంటించాము. ఎవరూ తెలపలేదు. నోటీసు అంటించింది మా సంఘ భవనం తలుపుకు. పేటవాళ్ళు ఆ తలుపు దగ్గరికి ఎన్నడూ రారన్న సంగతి నాకు తోచలేదు.

రంగు పని మొదలైన రోజు, మా ఇంటికి చేపలు తెచ్చే ఆమె గంప దించి, బేరం మొదలుపెట్టకుండా నిలబడింది. ఆమె భర్తది పేటలో ఒక చిన్న ఇంజను తెప్ప. అంతకు ముందు రోజే మూడు రోజుల వేటకు వెళ్ళాడు.

"బాబూ, ఆ గోడ తెల్లగుండాల. రంగెయ్యొద్దని సెప్పండి. మా మగోళ్ళు దాన్ని సూసే వత్తారు."

"దర్శనానికి ఏ రంగైతే ఏమమ్మా? మీరు బొట్లు పెట్టుకోవడానికి అడుగున జానెడు మేర తెలుపు వదలమని చెప్పాను."

నిజంగానే చెప్పాను. ఇతరుల నమ్మకాన్ని గౌరవించానన్న తృప్తి కూడా నాకు ఉండింది.

"బొట్టుకి కాదు బాబూ. ఆల్లు సూసుకోడానికి."

"అభ్యంతరమైతే కాగితం మీద రాసి ఇప్పించు. సమావేశంలో పెడతాను."

ఆమె గంప నెత్తిన పెట్టుకుంది. "రాత మాకొత్తే మీకు సేపలెందుకమ్ముతాను బాబూ? మీ సంగానికి నానే అద్దెచ్చురాలినైపోనా," అని వెళ్ళిపోయింది. ఆ మాట నాకు అవిధేయతగా తోచింది తప్ప, అందులో భయం ఉందని తోచలేదు.

మరునాటి సాయంత్రానికి గోడ నీలంగా మెరిసింది. ఆ పై ఉదయం పోటీల పరిశీలకుల బృందం రావలసి ఉంది. మంచు పట్టిన ఉదయం. ఏర్పాట్లు సరిచూసుకుందామని తెల్లవారగానే బయలుదేరాను. పేట వైపు అరుపులు వినిపించాయి. తెప్పలు ఒడ్డుకు చేరే దారిలోని నల్లరాళ్ళ దగ్గర ఒక తెప్ప తలకిందులై ఉంది. ఇద్దరిని నీళ్ళలోంచి లాగి ఇసుక మీద పడుకోబెట్టారు. ఒకతని తల పగిలింది. మొలతాడు దాకా నెత్తురు. ఆటోలో పెద్దాసుపత్రికి తీసుకుపోతున్నారు.

గుట్ట వైపు చూశాను. మా గోడ ముందు పాతిక మంది ఆడవాళ్ళు నిలబడి ఉన్నారు. తెల్ల దుప్పట్లు, పంచెలు, బియ్యం బస్తా గుడ్డలు చేతులెత్తి బొమ్మకు అడ్డంగా పట్టుకున్నారు. నిరసన అనుకున్నాను. పరిశీలకులు వచ్చే రోజే ఇలా చేశారన్న కోపంతో గుట్ట ఎక్కాను.

గోడ నిండా సున్నపు చారలు. ఎవరో చీకటితో వచ్చి సున్నం కొట్టారు. ఆయిల్ పెయింటు మీద అది నిలవక కారిపోయింది.

"ఏమిటిది?" అని గద్దించాను.

చేపలామె దుప్పటి వదలకుండా తల తిప్పింది. "మా ఆయన ఇంకా రాలేదు బాబూ."

"ఫోన్ చేయకపోయారా?"

"సేత్తన్నాం. తడవకుండా డబ్బాలో పెట్టి మూతేసుకుంటారు. ఇంజను సప్పుడికి ఇనబడదు." చూపు సముద్రం మీదనే ఉంచి చెప్పింది. "ఎనక్కి సూడండి. కొండ మీద వాటరు ట్యాంకుందా? నీళ్ళ మీంచి సూత్తే దాని కిందకి నిలువుగా ఈ తెల్లగోడొత్తే దారి సక్కగున్నట్టు. గోడ పక్కకి జరిగితే రాళ్ళ మీదకెళ్తన్నట్టు. రాయికీ రాయికీ మజ్జిన మూడు బారలే. గోడ కనబడాప్పోతే ఏటి సూసుకుని వత్తాడు?"

నలభై ఏళ్ళ పాటు పిల్లలకు భూగోళం చెప్పాను. రెండు గుర్తులను ఒక వరుసలోకి తెచ్చి దిక్కు నిర్ణయించే పద్ధతిని నల్లబల్ల మీద గీసి, చూపించి, ప్రశ్నపత్రంలో ఇచ్చి మార్కులు వేశాను. అదే పాఠాన్ని ఈ పేట ఏటా నా కళ్ళ ముందు సున్నంతో రాస్తూ ఉంటే దాన్ని పూజ అనుకుని, అడుగున జానెడు వదిలి దయ చూపానని సంతోషించాను. సముద్రం రంగు గోడకు వేయమన్నది నేను. సముద్రం మీది మంచులోంచి చూసేవాడికి అది కనిపించదని నాకు తట్టలేదు.

ఒక మూల దుప్పటి చాలక నీలం కనిపిస్తోంది. ఇంటికి పరుగెత్తాను. ఆ వయసులో అది పరుగు కాదనే చెప్పాలి. మంచం మీది తెల్ల దుప్పటి లాగి తెచ్చి ఆ మూల నిలబడి పట్టుకున్నాను. నా పక్కనున్న ముసలామె, "పైకెత్తండి బాబూ, సంతకం పెట్టినట్టు కిందకొంగిపోతన్నారు," అన్నది. ఎత్తాను. కార్యదర్శి కింద నుంచి ఫోన్ చేస్తూనే ఉన్నాడు. పరిశీలకులు వచ్చేసి ఉంటారు. ఫోన్ తీయడానికి చేయి ఖాళీ లేదు.

ఎండ కాస్త పొడిచింది. మంచులోంచి ఒక తెప్ప బయటపడింది. మొదట అది రాళ్ళ వైపే వస్తున్నది. చేపలామె పెదవులు కదులుతున్నాయి. తెప్ప నెమ్మదించింది. ముక్కు ఎడమకు తిరిగింది, కొంచెం ఆగింది, ఇంకొంచెం తిరిగింది. రెండు రాళ్ళ మధ్య నుంచి లోపలికి జారింది.

ఆమె అక్కడే కూలబడింది. దుప్పటి అంచు మాత్రం తల పైకి పట్టుకునే ఉంది.

కొంతసేపటికి ఆమె భర్త తడి బట్టలతోనే గుట్ట ఎక్కి వచ్చాడు. నల్లగా, పొట్టిగా, కళ్ళు ఉప్పునీటికి ఎర్రబడి ఉన్నాడు. భార్యను చూశాడు, గోడను చూశాడు, ఆడవాళ్ళ వరుసలో కళ్ళజోడుతో నిలబడిన నన్ను చూశాడు.

"ఈయనెవులు?" అని ఆమెను అడిగాడు.

"గోడకి రంగేయించింది ఈయనే."

చెప్పవలసినదంతా ఆమె చెప్పేసింది. క్షమాపణ చెప్పుకుందామని దుప్పటి దించబోయాను.

"ఐతే దించకండి బాబూ," అన్నాడతను. "ఇంకా రెండు తెప్పలు రావాల."