ముందుగాల వచ్చే ఎర్ర అంగీ

నేను చేసిన తెలివితక్కువ పనులన్నీ రాయాలంటే కాగితం చాలదు. అందుకని ఒక్కటే చెబుతాను. మిగిలినవి మీరే ఊహించుకోగలరు. ఈ ఒక్కదానితోనే ఒక సైకిల్ పందెం పాడైంది, నా బామ్మర్ది నోటికాడి ముద్ద నేలపాలైంది, పూలదండల మీద నాకున్న మోజు శాశ్వతంగా తీరిపోయింది.

అప్పటికి నాకు ముప్పై ఆరేళ్లు. జనగామలో ఎరువుల దుకాణం. కూర్చుని కూర్చుని నా పొట్ట నాకంటే ముందు దుకాణం తలుపు దాటేది. డాక్టరు నడవమంటే నేను వెళ్లి రేసు సైకిలు కొన్నాను. నాలుగు రోజులు తొక్కి, ఇక నన్ను మించినవాడు జిల్లాలో లేడని తీర్మానించుకున్నాను.

అంతలో స్టేషన్ ఘన్‌పూర్ నుంచి పాలకుర్తి దాకా పందెం పెడుతున్నారని తెలిసింది. మొదటి బహుమతి రేసు సైకిలు. అది అవసరమైంది నాకు కాదు, నా బామ్మర్ది శేఖర్‌కు. రైస్ మిల్లులో పనిచేస్తూ, ఒక మెకానిక్ దగ్గర అడిగి తెచ్చుకున్న సైకిలు మీద రెండేళ్లు సాధన చేశాడు. ఆ మెకానిక్ ఇప్పుడు దాన్ని అమ్మేస్తున్నాడు. గెలవకపోతే శేఖర్‌కు ఇక తొక్కడానికి సైకిలే లేదు. ఇదంతా నాకు తెలుసు. తెలిసే నా ఘనకార్యం చేశాను.

పందెం మా అత్తగారి ఊరి మీదుగా పోతుంది. అల్లుడు రేసులో పోతుంటే ఊరు ఊరికే చూస్తూ నిలబడితే ఏం మర్యాద? ఈ మాట ఇంకెవరూ అనలేదు కనుక నేనే అన్నాను. మా మామగారి అన్న, అంటే పెద్దమామకు ముందురోజు ఫోన్ చేసి డప్పులు, దండ, శాలువా నేనే పురమాయించాను.

“నిన్నెట్ల గుర్తువట్టాలె అల్లుడా? అందరు నెత్తికి టోపీలు, కండ్లకు అద్దాలు వెట్టుకుంటరాయె.”

“ముందుగాల వచ్చే ఎర్ర అంగీ నేనే మామా.”

ఎర్ర అంగీలు రెండు కుట్టించింది కూడా నేనే. ఒకటి నాకు, ఒకటి శేఖర్‌కు. చూసేవాళ్లకు పెద్ద జట్టులా కనబడాలని. ఆ రెండోది ఫోన్లో గుర్తు రాలేదు. ముందొచ్చేది నేనే అయినప్పుడు వెనకొచ్చే అంగీ రంగుతో పనేముంది?

అక్కడితో నోరు మూసుకున్నా సరిపోయేది. మా వైపు అల్లుడికి ఏం పెట్టినా మొదట వద్దనాలి. బట్టలు పెట్టినా వద్దు, రెండో ముక్క వేసినా వద్దు. అత్తవారు ఆ మాట నమ్మకూడదు. అందుకని ఇంకో జాగ్రత్త చెప్పాను.

“నేను ఆగనని అంట, వద్దని అంట. మీరు ఇడువకుండ్రి.”

“గది నాకు జెప్పాల్నా” అన్నాడాయన.

పందెం మొదలైంది. మొదటి మలుపు దాకా నేనే ముందు. ఆ తర్వాత అందరూ నన్ను దాటారు. పాల క్యాన్లు మోసే మామూలు సైకిలు మీద వచ్చిన ఒక ముసలాయన కూడా, జర పక్కకు జరుగు బిడ్డా అని ప్రేమగా చెప్పి మరీ దాటాడు. నా ఊపిరి దుక్కిలో మొరాయించిన పాత ట్రాక్టరులా మోగింది. చివరకు నా వెనక అంబులెన్సు ఒక్కటే మిగిలింది. దాని డ్రైవరు నావైపు ఎంతో ఆశగా చూస్తున్నాడు.

అత్తగారి ఊరు చేరేసరికి డప్పులు ఆగిపోయి ఉన్నాయి. శేఖర్ రోడ్డు పక్కన కూర్చుని సైకిలు చైన్లోంచి బంతిపూలు పీకుతున్నాడు. భుజాన శాలువా, నుదుట అరచేయంత బొట్టు.

జరిగింది అక్కడివాళ్లు తలా కొంత చెప్పారు. శేఖర్ అందరికంటే ముందు వచ్చాడు. డప్పులవాళ్లు రోడ్డుకు అడ్డంగా నిలబడ్డారు. వాళ్లు పక్క ఊరివాళ్లు, అతణ్ణి ఎరగరు. పెద్దమామకు నాలుగడుగుల అవతల మనిషి కంటికి ఆనడు, డప్పుల మోతలో గొంతూ పోల్చుకోలేకపోయాడు. ఇడువుండ్రి, నేను అల్లున్ని కాదు అని శేఖర్ ఎంత మొత్తుకుంటే అంత గట్టిగా పట్టుకున్నారు. ఇంత మొహమాటం గల అల్లుడు మండలంలో లేడని మెచ్చుకున్నారట కూడా. పెనుగులాటలో దండ తెగి చైన్లో చుట్టుకుంది. హెల్మెట్ తీసి మొహం చూపించేసరికి పదిహేను సైకిళ్లు పోయాయి.

“ఎవలు జెప్పిండ్రు బావా, నన్ను ఆపుమని?”

రాయడానికి సిగ్గుగా ఉంది, అయినా రాస్తాను. నాకేం ఎరుక అన్నాను.

పెద్దమామకు కళ్లే కనబడవు, చెవులు శుభ్రంగా వినబడతాయి. “ఏంది అల్లుడా, నిన్న ఫోన్ల నువ్వే చెప్తివి గద.”

శేఖర్ తిట్టి ఉంటే బాగుండేది. శాలువా తీసి నా భుజాన వేసి, నా చేతిలోంచి సైకిలు లాక్కుని ఎక్కాడు. ఆ సైకిలు అంత వేగంగా పోగలదని నాకు అప్పుడే తెలిసింది. పదిమందిని దాటి ఆరోవాడుగా పాలకుర్తి చేరాడు.

కానీ అక్కడ మనిషిని చూసి రాసుకోలేదు, సైకిలుకు కట్టిన నంబరు చూసి రాసుకున్నారు. నేను అత్తగారింట్లో మజ్జిగ తాగుతుండగా పాలకుర్తి మైకులో నా పేరు మోగింది. వయసును గెలిచిన వ్యాపారి అని పొగిడారట. శేఖర్ పేరు మధ్యలో వదిలేసినవాళ్లలో చదివారు. మర్నాడు వెళ్లి నిజం చెప్పాను. ప్రశంసాపత్రాలు అచ్చయిపోయాయి, ఇప్పుడేం చేస్తాం అన్నారు.

మా ఆవిడ నా పేరున వచ్చిన పత్రానికి అద్దం కట్టించి నా దుకాణంలోనే తగిలించింది. యూరియాకు వచ్చిన రైతు ఎవరు అడిగినా మొత్తం కథ నేనే చెప్పాలని ఆమె ఆజ్ఞ. చెబుతున్నాను.

కాబట్టి, ఎరువుల బస్తాల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఇక ఈ జన్మలో నా శాలువా నేను పురమాయించుకోను, పందేనికి సైకిలెక్కను. రెండోది నిలబెట్టుకోవడం కష్టమేమీ కాదు. నా సైకిలు ఆనాటి నుంచి శేఖర్ దగ్గరే ఉంది.