తిస్నాకి పూసిన నల్లనూనె

ఎలోదియా అక్క వంటింట్లోకి వెళ్తే ముందు పొగ కళ్లలో పడుతుంది, తర్వాత కుయ్‌ల అరుపులు వినిపిస్తాయి, ఆ తర్వాతే అక్క కనిపిస్తుంది. అరుగు కింద, పొయ్యి పక్కన, నీళ్ల కుండల వెనక, ఎక్కడ వెచ్చగా ఉంటే అక్కడ ఆ గినీ పిగ్‌లు గుంపులుగా తిరుగుతుంటాయి. కుయ్ కుయ్‌మంటాయి కాబట్టి వాటి పేరు కుయ్. లీమా లాంటి పట్నాల్లో పిల్లలు వాటిని బోనుల్లో పెట్టుకుని ముద్దుచేస్తారని విన్నాను. మా ఆండీస్ కొండల్లో మాత్రం అవి పండగకి కూర, చుట్టానికి మర్యాద, రోగికి పరీక్ష. వంటింట్లో కుయ్ లేని ఆడదాన్ని ఇక్కడ సోమరిపోతు అంటారు.

ఎలోదియాని ఆ మాట ఎవరూ అనలేదు. ఆమె హస్తవాసి అలాంటిది. ఈనిన కుయ్ పిల్లని తినేసిందంటే మిగతా ఆడవాళ్లు ఆమెని పిలిచేవాళ్లు. పొట్ట కింద ఉఫ్‌మని ఊది ఆడదో మగదో చెప్పేది. తల్లి పోయినప్పుడు చంటివాడైన తమ్ముడు మెల్చోర్‌ని శాలువలో వీపుకి కట్టుకుని గడ్డి కోసింది. వాడు పెద్దవాడై రొసెండాని పెళ్లి చేసుకుని గోడవతల ఇల్లు కట్టుకున్నాడు. అక్కకి మాత్రం పెళ్లి కాలేదు. ఒకతను చూడ్డానికి వచ్చి, కుయ్‌ల వాసనకి ముక్కు మూసుకుని, "పెళ్లయ్యాక వీటిని బయట ఉంచాలి" అన్నాడట. "బయట ఉండాల్సింది నువ్వే, దయచెయ్" అని తలుపు చూపించింది. మాది పక్కిల్లే కాబట్టి ఆ కథ ఆమె నోటే నాకు ఎన్నిసార్లు వినపడిందో!

కోసుకు తినే జీవానికి మేం పేరు పెట్టం. పేరు పెడితే కత్తి ఆడదు. ఎలోదియా కూడా ఒక్క దానికే పెట్టింది. ఒంటి మీద తెల్ల వెంట్రుక ఒక్కటి కూడా లేని నల్ల కుయ్ అది. దాని పేరు తిస్నా, అంటే మసి. అక్క మడి గట్టు మీద కూర్చుంటే అది శాలువలోంచి మూతి బయటపెట్టి చూసేది. "ముసలిదైపోతోంది, ఇంకెప్పుడే విందు?" అని మేం ఏడిపిస్తే, "ముందు మిమ్మల్ని వండుతా" అనేది.

ఆ ఏడు సంతలో కొన్న జంటతో గజ్జి పురుగు వచ్చింది. కొత్తవాటిని కొన్నాళ్లు విడిగా ఉంచాలని ఆమెకి తెలియక కాదు. బాగా చలిగా ఉందని జాలిపడి గుంపులో కలిపేసింది. ముందు చెవుల వెనక బొచ్చు ఊడింది, తర్వాత వీపంతా పొక్కులు. గోకి గోకి ఒక్కొక్కటీ పక్కకి పడిపోయి కాళ్లు కొట్టుకునేది. ఎలోదియా పరిచిన గడ్డంతా కాల్చింది, గోడలకి సున్నం కొట్టింది, బూడిద చల్లింది, కొండ మీద పుదీనాలా పెరిగే మూన్యా ఆకు కాచి ఆ నీళ్లు పోసింది. ఏదీ పని చెయ్యలేదు. చివరికి ముదిరినవాటి మెడలు విరిచి పాతిపెట్టింది. గజ్జి మిగతా ఇళ్లకీ పాకి, ఊళ్లో నల్లవన్నీ అలాగే పోయాయి. తిస్నా దగ్గర మాత్రం చెయ్యి రాలేదు.

పశువుల మందుల కొట్టతను, మెడ వెనక ఒక్క చుక్క వేస్తే చాలు, బరువు చూసుకుని మళ్లీ కొన్నాళ్లకి ఇంకో చుక్క అన్నాడు. మావాళ్లకి చుక్క అంటే నమ్మకం లేదు. అదే మందుని గొర్రెకి వేసినంత కుయ్‌కి వేసి చంపుకున్న ఇళ్లు ఊళ్లో చాలా ఉన్నాయి. ఎలోదియా ఆ మందు ముట్టలేదు. లారీ నడిపే గావినో దగ్గరికి వెళ్లి, ఇంజన్‌లోంచి తీసి పారేసే నల్ల నూనె డబ్బాతో అడిగి తెచ్చుకుంది. మా లోయలో గజ్జి పట్టిన పందులకీ కుక్కలకీ అదే పూస్తారు. కోడి ఈకతో తిస్నాకి మూతి నుంచి కాళ్ల దాకా పట్టించింది. అది రాత్రింబవళ్లు ఒళ్లు నాకుకుంటూనే ఉంది.

దురద పోయింది. మాకందరికీ మాత్రం మూన్యా నీళ్లతోనే నయం చేశానని చెప్పుకుంది. పందులకి పూసేది తన ముద్దుల కుయ్‌కి పూశానని చెప్పుకోవడం నామోషీ. మేం నమ్మాం, మెచ్చుకున్నాం కూడా. ఈ నూనె సంగతి తర్వాతెప్పుడో ఆమే చెప్తేగానీ నాకు తెలియలేదు. తిస్నా మేత సరిగా తినడం లేదనీ, ఓ మూల ముడుచుకుని ఉంటోందనీ ఆమె చూసింది. గోకుడు తగ్గింది కదా, సుఖంగా పడుకుందిలే అనుకుంది.

బార్లీ కోతలప్పుడు మెల్చోర్‌కి కడుపునొప్పి వచ్చింది. ముందురోజే మొగుడూ పెళ్లాం పొలంలో గొడవపడ్డారు. తాగి పడుకుని, వంతు నీళ్లు పక్కవాడి మడిలోకి పోనిచ్చాడని రొసెండా పదిమందిలో కడిగేసింది. "ఆ నీళ్లలో నువ్వే కొట్టుకుపోతే పీడా పోయేది!" అంది. మా ఊళ్లో ఏ పెళ్లామైనా అనే మాటే. తెల్లారేసరికి మెల్చోర్ కుడి పక్క పట్టుకుని మెలికలు తిరుగుతున్నాడు.

అబెలార్దో తాతని పిలిచారు. బతికున్న కుయ్‌తో రోగి ఒళ్లంతా తుడిచి, దాన్ని చీల్చి, రోగం ఎక్కడుందో చూసి చెప్తాడాయన. మనిషి మోసగాడు కాదు. పేగులో కనిపిస్తే, "నా వల్ల కాదు, ఆస్పత్రికి మొయ్యండి" అని వెంటనే చెప్పేవాడు. చెప్పాడంటే మగవాళ్లు మంచాన్ని భుజానికెత్తుకునేవాళ్లు. కాలేయంలో కనిపిస్తే కషాయం. మెల్చోర్ బతుకు ఇప్పుడు ఆయన చెప్పే మాట మీద ఉంది.

"నల్లది కావాలి. ఒంట్లో ఏ జబ్బూ ఉండకూడదు. జబ్బుదానికి ఇంకొకళ్ల జబ్బు పట్టదు" అన్నాడు తాత.

నల్లది ఊరంతటికీ ఒక్కటే మిగిలింది. ఎలోదియా ఇంట్లోకి వెళ్లి తిస్నాకి సబ్బు పెట్టి, గోరువెచ్చటి నీళ్లతో కడిగి, తన గుండెకానించుకుని తెచ్చింది.

"వదినా, తిస్నానా? నీ ప్రాణం కదే అది!" అంది రొసెండా.

"నా ప్రాణం వీడు. తప్పుకో."

తాత మెల్చోర్ నెత్తి నుంచి అరికాలి దాకా దాన్ని రుద్దాడు. కడుపు దగ్గరికి రాగానే తిస్నా ఒక్కసారి కీచుమని, తల వాల్చేసింది. బొటనవేలితో తోలు ఒలిచి నీళ్ల గిన్నెలో ముంచాడు. గిన్నె పట్టుకున్నది నేనే. కాలేయం ఉబ్బి, నల్లబడి, మచ్చలు మచ్చలుగా ఉంది. పేగులు తేటగానే ఉన్నాయి. తాత దగ్గరగా వంగి వాసన చూశాడు.

"ఏదో మాడిన వాసన."

ఎలోదియా నోరు తెరిచింది. నేను చూశాను. మళ్లీ మూసుకుంది.

"కోపం. కాలేయాన్ని కోపం కాల్చేసింది. ఎవరితోరా గొడవపడ్డావ్?" అన్నాడు తాత.

గదిలో ఉన్నవాళ్లందరూ రొసెండా వైపు తిరిగారు. మంచం మోయడానికి వచ్చి గుమ్మంలో నిలబడ్డ మగవాళ్లు, "అయితే ఆస్పత్రి అక్కర్లేదన్నమాట" అని ఎవరి పొలానికి వాళ్లు వెళ్లిపోయారు.

కషాయం తాగించారు. మర్నాడు నొప్పి ఉన్నట్టుండి పోయింది. మెల్చోర్ లేచి కూర్చుని బంగాళాదుంపల సూప్ అడిగాడు. అందరం నవ్వాం. ఎలోదియా అందరికంటే గట్టిగా నవ్వింది. ఇక ఆ నూనె మాట బయటపెట్టే పని లేదని ఆ పూట ఎంత తేలికపడ్డానో అని తర్వాత తనే చెప్పి తల బాదుకుంది. సాయంత్రానికి పొట్ట చెక్కలా బిగుసుకుంది, ఒళ్లు కాలిపోయింది. అప్పుడు మోశారు. ఆస్పత్రిలో డాక్టరమ్మ, అపెండిక్స్, అదే పేగు తోక, నొప్పి ఆగినప్పుడే పగిలి చీము కడుపంతా పాకిందని చెప్పింది. "నొప్పి మొదలైన రోజే తీసుకొస్తే కోసి తీసేసేవాళ్లం కదమ్మా" అంది. మెల్చోర్ మంచం మీదే తిరిగొచ్చాడు, ముఖం మీద దుప్పటితో.

శవం దగ్గర కూర్చున్న ఆడవాళ్ల నోళ్లు ఊరుకోలేదు.

"నీళ్లలో కొట్టుకుపొమ్మంది. పోయాడుగా!"

"డాక్టరమ్మ పేగంది కదే?"

"పేగు తర్వాత పగిలింది. ముందు కాలింది కాలేయం. కుయ్ అబద్ధం చెప్తుందా?"

రొసెండా కూడా ఊరు అన్నదే నమ్మింది. మొగుడికి కన్నీటి చుక్క కూడా రాల్చలేదని దానికీ తిట్టారు. చంపినదానికి ఏడ్చే హక్కు ఎక్కడుందని నాతో అంది. తిస్నాని ఇచ్చినందుకు ఎలోదియాని మాత్రం అందరూ పొగిడారు. తమ్ముడి కోసం ప్రాణాన్ని ధారపోసిందన్నారు. ఆమె తలొంచుకుని ఆ పొగడ్తలన్నీ విన్నది.

అయిదో రోజు పోయినవాళ్ల బట్టలు ఏట్లో ఉతకడం మా ఆచారం. ఉతికినవాటిని పెళ్లామూ తోబుట్టువూ చెరో కొసా పట్టుకుని పిండాలి. అప్పుడుగానీ పోయినవాడు ఇల్లు వదలడంటారు. ఊరి ఆడవాళ్లందరం ఒడ్డున ఉన్నాం. ఎవరో మళ్లీ రొసెండాని చూసి "నోరు కాదది, నిప్పు" అన్నారు. ఎలోదియా చేతిలో బట్ట నీళ్లలో వదిలేసింది.

"మూసుకోండే! ఆ కాలేయం వాడిది కాదు, తిస్నాది. గజ్జికి ఇంజన్ నూనె పూశాను నేను. అది నాకి నాకి లోపలంతా కాలిపోయింది. తాతకి వచ్చింది ఆ వాసనే. నాకూ వచ్చింది."

రొసెండా మెల్లిగా అడిగింది.

"నేనన్న మాట వల్ల కాదా?"

"కాదే."

"కోపం వల్ల కాదా?"

"కాదు తల్లీ. నూనె."

రొసెండా మోకాలి లోతు నీళ్లలో అలాగే కూలబడి ఏడ్చింది. మొగుడు పోయాక అదే మొదటి ఏడుపు. ఎలోదియా వంగి ఆమె భుజం మీద చెయ్యి వేసింది. కాసేపటికి రొసెండా తల ఎత్తింది.

"నీకు వాసన వచ్చినప్పుడు, వదినా, మంచం మోసేవాళ్లు గుమ్మంలోనే ఉన్నారు కదా?"

"ఉన్నారు."

రొసెండా ఆ చెయ్యి తీసేసింది. లేచి మెల్చోర్ చొక్కా నీళ్లలోంచి తీసింది. ఎలోదియా రెండో కొస కోసం చెయ్యి చాపింది. రొసెండా ఇవ్వలేదు. చొక్కాని రాయికి చుట్టి, ఒక్కతే మెలిపెట్టి పిండుకుంది.