పసుపు చుక్క

వేగాన్ని బట్టి వాల్వులు తెరుచుకునే వేళను మార్చే చక్రం ఒకటి ఇంజనులో ఉంటుంది. దాన్ని పట్టి ఉంచేది ఒకే ఒక్క బోల్టు. అది వదులైతే వాల్వులు పిస్టన్లకు కొట్టుకుని ఇంజను నుజ్జునుజ్జే. అందుకే ట్యూరిన్ మెకానిక్ ఒరెస్తే ఆ బోల్టు బిగించగానే దాని తల మీద సన్నటి కుంచెతో పసుపు చుక్క పెట్టి, "అయింది" అని పైకే అంటాడు. ముప్పై ఏళ్ల అలవాటు. ఈమధ్య ఆ మాట అన్నాడో లేదో ఆయనకే తెలియడం లేదు.

ఆ మధ్యాహ్నం బేకరీ నడిపే ఫియొరెంజా తన కారు తాళం తిప్పబోతుంటే ఒరెస్తే పరుగున వచ్చి బానెట్ మీద రెండు చేతులూ వేశాడు.

"ఆపు తల్లీ! బోల్టు బిగించానో లేదో!"

"పొద్దుట్నుంచీ ఇదిగో అదిగో అంటున్నావు పెద్దాయనా! పిల్లలతో కొండ దాటాలి నేను."

"ఒక్కసారి చూడనీ. నీకు దణ్ణం పెడతా."

మూత విప్పి టార్చి వేశాడు. ఫియొరెంజా కూడా దిగొచ్చి తొంగిచూసింది. బోల్టు తల మీద మూడు పసుపు చుక్కలున్నాయి. మూడోది ఇంకా ఆరలేదు.

"మూడెందుకు పెద్దాయనా?"

ఒరెస్తే పానా వేసి చూశాడు. బోల్టు బిగువుగానే ఉంది. నాలుగో చుక్క పెట్టాడు.

"అయింది," అన్నాడు. "విన్నావుగా? అన్నానని నువ్వు గుర్తుపెట్టుకో తల్లీ."