మామగారు వేసిపెట్టిన నా పోస్టల్ ఓటు

ఈ రోజు ఉరవకొండలో ఎన్నికల శిక్షణ. ఓటు వేసే చోట ఓటరు తప్ప ఇంకెవరూ, కట్టుకున్న మొగుడైనా సరే, తొంగి చూడకుండా ఆపాలని టీచర్లమందరం పొద్దంతా కూర్చుని విన్నాం.

ఇంటికొచ్చేసరికి మామగారు వసారాలో విత్తనానికి శెనక్కాయలు ఒలుస్తున్నారు. డ్యూటీలో ఉండే నాకోసం పోస్టులో వచ్చిన బ్యాలెట్ కవరు ఆయన పక్కనే ఉంది. అన్నం మెతుకులతో శుభ్రంగా అంటించి ఉంది.

"అలిసిపోయింటావని నేనే టిక్కు పెట్టినానమ్మా. సంతకం ఒగటి చేసెయ్, పోస్టులో వేసొస్తా."

"నా ఓటు మీరెట్లేస్తారు మామా?"

"ఏమ్మా, మనింట్లో ఓట్లన్నీ ఒగరికే కదా! నువ్వేమన్నా వేరేవాళ్లకేస్తావా?"

ఒళ్లు మండింది. ఇంకా మండే సంగతేమిటంటే, నేను వేయాలనుకున్నదీ ఆ మనిషికే.

అయినా రేపు ఆఫీసుకెళ్లి ఈ బ్యాలెట్ తిరిగిచ్చేసి ఇంకోటి అడుగుతాను. ఎలా పాడైందో రాసివ్వమంటారు. ఏమని రాయను, మీరే చెప్పండి.

కొత్తది దొరికితే మళ్లీ ఆ మనిషికే వేస్తాను. కానీ ఎవరికి వేశానో మామగారికి మాత్రం చచ్చినా చెప్పను.