దువ్వెన అడిగినావిడ

హనుమాన్ జంక్షన్‌లో బస్సెక్కిన ఒక పెద్దావిడ నా పక్కన కూర్చున్నారు. తెల్ల చీర కట్టుకుని, ఒళ్లో బైబిలు పెట్టుకున్నారు. గన్నవరంలో చర్చికి వెళ్తున్నానని చెప్పారు. కిటికీ గాలికి ఆవిడ జుట్టంతా రేగిపోయింది.

"దువ్వెన ఉందా అమ్మా?" అని అడిగారు.

ఉంది కానీ తీయలేదు. అప్పటికి రెండేళ్లుగా నా తలనిండా చుండ్రు ఉండేది. హాస్టల్లో నా దువ్వెన ఎవరూ ముట్టుకునేవారు కాదు. రూమ్మేటైతే తన తలగడ కూడా దూరంగా జరుపుకుంది.

"నాకు చుండ్రండీ," అన్నాను మెల్లగా.

"కనబడుతూనే ఉందమ్మా. అది అంటుకునేది కాదు. ఇలా ఇవ్వు."

ముడి విప్పి, తీరిగ్గా దువ్వుకుంటూ అడిగారు. "నూనె బాగా పట్టిస్తున్నావా?"

"రోజూ అండీ. తల ఎండిపోతోందని."

"నేనూ అలాగే పట్టించి ఎక్కువ చేసుకున్నా. నూనె తగ్గించి, డాక్టరుకి చూపించుకో. మందు షాంపూ ఇస్తారు. రాసుకోగానే కడిగెయ్యకు, ఐదు నిమిషాలుంచు. నాకు దాంతోనే తగ్గింది."

గన్నవరం వచ్చింది. ఆవిడ ముడి వేసుకుని, దువ్వెన నా చేతిలో పెట్టి దిగిపోయారు.

ఆ వారమే చర్మం డాక్టరు దగ్గరికి వెళ్లాను. ఆయనా అవే మాటలు చెప్పారు. చలికాలంలో ఇప్పటికీ కాస్త వస్తుంది, మళ్లీ తగ్గుతుంది.

ఆ రోజు బస్సు కదిలాక చూస్తే, దువ్వెన పళ్ల మధ్య ఆవిడ నెరిసిన వెంట్రుక ఒకటి మిగిలి ఉంది. విజయవాడ చేరేదాకా దాన్ని తీయబుద్ధి కాలేదు.