బామ్మర్ది మొహం ఆలస్యంగా వచ్చిన వెబ్‌సైటు

ఫోన్లో ఒక పేజీ తెరుచుకోవడానికి మేము చూపిన ఓపిక, ఇప్పటి పిల్లలు పెళ్ళిచూపుల్లో కూడా చూపరు. లింకు నొక్కి, పుంగనూరు బస్టాండులో టీ తాగి, గ్లాసు తిరిగిచ్చి వచ్చినా సగం బొమ్మే దిగి ఉండేది, అదీ నుదుటి వరకే. పేజీ తెరుచుకునేదాకా గిర్రున తిరిగే ఆ చక్రాన్ని ఆపడమే నా బతుకుతెరువు అవుతుందని అప్పుడెవరైనా అని ఉంటే అందరికంటే ముందు నేనే నవ్వేవాణ్ణి. తొమ్మిదో తరగతిలో లెక్కల అయ్యవారికీ నాకూ కుదరక (తప్పు ఆయనదేనని నా అభిప్రాయం ఇప్పటికీ మారలేదు) బడి మానేసి, పుంగనూరులోనే ఒక ఫ్లెక్సీ షాపులో చేరాను. పుట్టినరోజు జరుపుకునే చిల్లర నాయకుల మొహాలను లారీ అంత పెంచడం నా పని. ఆ విద్య చూసి మదనపల్లెలో వెబ్‌సైట్లు చేసే బీటెక్ అన్న నన్ను తీసుకున్నాడు. పాత ఓనరుతో "మళ్ళీ నీ గడప తొక్కను" అని ఘనంగా చెప్పి బస్సెక్కాను.

బీటెక్ అన్నకు డిగ్రీ ఉంది, తిరిగే కుర్చీ ఉంది. తాను చేసిన సైట్లు ఎందుకు తెరుచుకోవో మాత్రం తెలియదు. ఎవరడిగినా "సిగ్నల్ ప్రాబ్లం సార్" అనేవాడు. కుప్పంలో ఒక కల్యాణ మండపం యజమాని ఆ మాటకు లొంగలేదు. "మా మండపంలో తాళి కట్టేది కూడా అయిపోతాది గానీ, నీ సైటు తెరుసుకోదు గదప్పా!" అని ఫోన్లో అరిచాడు. అన్న ఫోను పెట్టేసి నా వైపు తిరిగాడు. "నువ్వు పో కుప్పానికి. మూడు సెకన్లలో తెరుసుకోవాల. లేకుంటే అట్నుంచి అటే పుంగనూరు పోయి ఫ్లెక్సీలు కట్టుకో."

కుప్పం చేరి సైటు చూడగానే జబ్బు తెలిసిపోయింది. మొదటి పేజీలోనే పదిహేడు మంది బంధువుల ఫోటోలు, పెళ్ళి కెమెరాలోంచి దిగినవి దిగినట్టే ఎక్కించి ఉన్నాయి. ఒక్కొక్కటీ ఫ్లెక్సీలా గోడకు కట్టుకోవచ్చు. (మండపం చూడ్డానికి వచ్చినవాడికి ఈ మీసాలతో పనేమిటని బీటెక్ చదివిన బుర్రకు తట్టనే లేదు.) చూపుకు తేడా తెలియకుండా వాటి బరువు తగ్గించాను. అయినా ఐదు సెకన్లు. అప్పుడు పై మొహాలు ముందు వచ్చేలా, కిందివి వేలితో జరిపినప్పుడే వచ్చేలా మార్చాను. యజమాని నొక్కగానే టక్కున తెరుచుకుంది. నేను కాలర్ ఎగరేసేలోపు, మండపంలో సగం వాటా ఉన్న ఆయన బామ్మర్ది ఫోను లాక్కున్నాడు.

"బావ మొగం వచ్చింది. నాది యాడ?" "కిందికి జరపప్పా, వస్తాది." జరిపాడు. ఒక్క క్షణం ఖాళీ గడి, ఆ తర్వాత మీసం. "యాల నాది లేటుగా వస్తాండాది?" "అట్ల సేస్తేనే ఫాస్టుగా తెరుసుకుంటాదప్పా." "ఓహో, నేను ఎనకబడితేనే మీకు ఫాస్టా!" అని బావ మీదికి తిరిగాడు. "ఇది నువ్వు సేయించిన పనే!" "నాకేం తెలుసురా, ఈ మదనపల్లె పిల్లోడు సేసినాడు" అని యజమాని నన్ను ముందుకు తోశాడు. అందరి మొహాలూ ఒకేసారి రావాలి, లేదంటే సైటే వద్దని బామ్మర్ది తీర్పు. ఒకేసారి వస్తే ఐదు సెకన్లు, అసలు సైటే లేకపోతే నా ఉద్యోగమే లేదు. పాత ఓనరు నవ్వు మొహం లారీ సైజులో నా కళ్ళముందు నిలబడింది.

"అందరూ స్టేజీ ఎక్కి నిలబడండప్పా. ఒకే ఫోటో. ఒకేసారి వస్తారు" అన్నాను. ఎక్కారు. నడిమధ్యలో ఎవరని అరగంట కొట్లాట. అప్పుడొచ్చింది యజమాని భార్య, బామ్మర్దికి సొంత అక్క. పదిహేడు మొహాల్లో ఒక్క ఆడమనిషి లేదని (మహా తెలివైన నాకు కూడా) అప్పుడే తట్టింది. "నడిమధ్యలో నేను నిలబడతా. ఈపక్క నువ్వు, ఆపక్క వాడు. ఇంగ నోరు తెరిస్తే మండపానికి బీగమేసి పోతా" అని ఇద్దరి భుజాల మీదా చేతులు వేసింది. సైటు రెండు సెకన్లలో తెరుచుకుంది. ఆ ఘనత తనదేనని బీటెక్ అన్న ఊరంతా చెప్పుకున్నాడు. చక్రాలు ఆపేవాడొకడున్నాడని నాకూ పేరొచ్చి, మెల్లగా సొంత ఆఫీసు పడింది.

మొన్నీమధ్య కుప్పం నుంచి ఫోను. బావా బామ్మర్దులు విడిపోయారట. "వాణ్ణి ఫోటోలోంచి తీసెయ్యప్పా" అన్నాడు యజమాని. రెండు నిమిషాల పని. ఫోటో తెరిచాను. బామ్మర్దిని తీయాలంటే ఆ భుజం మీదున్న అక్క చేతిని మణికట్టు దగ్గర కోయాలి. "తీస్తే సైటు స్లో అయిపోతాదప్పా" అన్నాను. "స్లో అయితే వద్దులే, ఉండనీ" అన్నాడు. ఇన్నేళ్ళ వృత్తిలో నేను చెప్పిన శుద్ధ అబద్ధం అదొక్కటే. ఫ్లెక్సీ షాపు నుంచి కొత్తగా వచ్చిన ఆనాటి కుర్రాడైతే చేతిని కూడా కోసి పారేసి, ఎంత తేలికైందో చూడండని కాలర్ ఎగరేసేవాడు. పాపం, వాడికి ఫాస్టుగా చేయడం ఒక్కటే వచ్చు.