గడీ గోడకు వెనక సాల రంగు

నిన్న జనగామ పాత బజారులో ఒక ఇంటి ముందు నిలబడ్డాను. డ్రమ్ములో సున్నపు రాళ్లు వేసి నీళ్లు పోశారు. అవి కుతకుత ఉడికి, ఆవిరి లేచి, ఆ ఘాటు వాసన ముక్కుకు తగలగానే నాకు యాకమ్మ గుర్తొచ్చింది. ఇంటాయన మాత్రం "మేడం, మా తాతల నాటి రంగే కావాలె, గదేందో జర జల్ది చెప్పుండ్రి" అని తొందరపెడుతున్నాడు. పాత ఇళ్లకు ఏ రంగు నప్పుతుందో చెప్పడం నా బతుకుదెరువు. పట్టా హైదరాబాదులో తెచ్చుకున్నాను కానీ, పని నేర్పింది యాకమ్మే. ఈ మాట ఎవరి ముందైనా అంటాను, నాకేం సిగ్గు?

పన్నెండేళ్ల కిందటి సంగతి. పెద్దవంగర దగ్గర మా ఊళ్లో మా ముత్తాత కట్టించిన గడీ, కోటలాంటి దొరల ఇల్లు, ఉంది. మేము బాపు అని పిలిచే మా నాన్న దాన్ని గ్రంథాలయం చేసుకొమ్మని ఊరికి రాసిచ్చాడు. రంగుల బాధ్యత నాది. అప్పుడే చదువు ముగించి వచ్చినదాన్ని, నా అంత తెలివిగలది లేదనుకునే రోజులు. మహబూబాబాద్‌లో మిషన్ మీద కలిపించిన ప్లాస్టిక్ రంగు డబ్బాలు ఆటోలో తెచ్చి దింపాను. సున్నం పనికి పిలిపించిన యాకమ్మకు అప్పటికి అరవై దాటాయి. డబ్బాలో వేలు ముంచి గోడకు రాసి, నా వంక చూసింది.

"దొరసానీ, గిది సున్నపు గోడ. దీనికి ప్లాస్టిక్ తొడిగితే ఊపిరాడుతదా? ఒక్క వానకాలం ఆగు, పొక్కులు లేస్తది."

నాకు చుర్రుమంది. పంతం కొద్దీ ప్రహరీకి ఒక మూల వేయించాను. నాలుగు వానలు పడేసరికి అరచెయ్యంత పెచ్చులు ఊడాయి. యాకమ్మ నవ్వనన్నా నవ్వలేదు. "డబ్బాలు వాపస్ ఇచ్చి రాపో" అని సున్నం నానబెట్టింది. ఆమె నవ్వి ఉంటే నాకు ఇంకాస్త తేలికగా ఉండేది.

పాత రంగు కనుక్కోవడం ఆమె దగ్గరే చూశాను. చూరు కింద, తలుపు చెక్క వెనక, ఎండావానా తగలని చోట చిన్న కత్తితో మెల్లగా గీకేది. పైన తెలుపు, దాని కింద నీలం, ఆ కింద లేత ఆకుపచ్చ, అన్నిటికీ అడుగున జాజు, ఎర్రమన్ను రంగు. నేను ఎగిరి గంతేశాను. దొరికింది, గడీ అసలు రంగు ఇదే! వెంటనే ముందు దర్వాజా పక్కన మంచమంత మేర జాజు వేయించాను. "తడి మీద రంగును నమ్మకు. ఆరినంక పొద్దుగాల ఒకపారి, పొద్దుగూకంగ ఒకపారి చూడు" అని చెప్పి వెళ్లిపోయింది యాకమ్మ. మూడు రోజులు మళ్లీ పనికి రాలేదు.

కోపంగా ఆమె ఇంటికి వెళ్లాను. మంచంలో తొంభైకి దగ్గరపడ్డ వాళ్ల అమ్మ నర్సవ్వ పడుకొని ఉంది. యాకమ్మ పీట వేసి, మంచినీళ్లు ఇచ్చి, అప్పుడు చెప్పింది.

"మా అవ్వ చిన్నపిల్లప్పుడు గా గోడకు జాజు కలిపింది. వెట్టి. కూలి లేదు, బువ్వ లేదు. గా ఎర్రగోడ కనవడంగనే చెప్పులు చేతవట్టుకొని వంగి నడిచేటోళ్లు. చచ్చేలోపు ముందు దర్వాజల నుంచి ఒక్కసారి లోపలికి పోవాలని దాని ఆశ. మొన్న తోల్కపోతే, నువ్వు ఏయించిన ఎర్ర రంగు చూసి తొవ్వలనే ఆగింది. 'ఇంటికి తీస్కపో బిడ్డా' అన్నది."

మంచినీళ్ల చెంబు కింద పెట్టేశాను. "నన్ను దొరసాని అనకక్కా" అన్నాను.

"గోడ దొరదైతే నువ్వు దొరసానివే గదా. రంగు పాతది కావాలె, పిలుపు మాత్రం కొత్తది కావాల్నా?"

సిగ్గుతో తల వాలిపోయింది. అయినా నా మొండితనం ఎక్కడికి పోతుంది! "అట్లని ఏదో ఒక రంగు పూసి చరిత్రను అబద్ధం చేయమంటవా?" అన్నాను.

"అబద్ధం ఆడుమని ఎవలన్నరు? గడీ అంటే ముందు గోడొక్కటేనా? రేపు వెనక సాలకు రా."

వెనక సాల అంటే వెట్టి ఆడవాళ్లు వడ్లు దంచిన చోటు. గడీ అంతా కొలిచి గీసిన నేను దాన్ని మాత్రం 'కూల్చాలి' అని రాసి వదిలేశాను. యాకమ్మ తలుపు వెనక గీకింది. ఒక్కటే రంగు. కందిపప్పు లాంటి మెత్తని పసుపు. "గుట్ట కింది మన్ను. దసరాకు దంచే ఆడోళ్లే తెచ్చి పూసుకున్నరు. ఎవలు చెప్పలే, వాళ్ల సోకుకు పూసుకున్నరు. గిది గూడ గీ గడీ రంగే. గంతే పాతది."

బాపు మొదట ఒప్పుకోలేదు. "మా తాతల ఇంటి ముఖానికి దంచే సాల రంగా?" అని ఇంతెత్తు లేచాడు. యాకమ్మ వాదించలేదు, జాజు పక్కనే పసుపు వేసి పోయింది. బాపు కుర్చీ వేసుకొని పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి ఆ రెండింటినీ చూస్తూ కూర్చున్నాడు. రెండో రోజు లేచి "కానియ్యి" అన్నాడు. దర్వాజా చౌకట్టు చుట్టూ మాత్రం యాకమ్మ సన్నటి జాజు గీత ఉంచింది. "మాపెయ్యొద్దు. కనవడాలె. గానీ భయపెట్టొద్దు" అన్నది.

గ్రంథాలయం తెరిచిన రోజు నర్సవ్వ కూతురి భుజం పట్టుకొని వచ్చింది. గేటు దగ్గర ఆగి, అలవాటుగా ఒక చెప్పు విడిచి, దాన్ని తీసుకోవడానికి వంగింది. అప్పుడు తల ఎత్తి, కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకొని గోడ చూసింది.

"యాకీ, గిది మా సాల రంగు గదనే?"

"అవును అవ్వా."

"మల్ల ముందటికెట్ల వచ్చింది?"

నర్సవ్వ మెల్లగా నిటారుగా లేచింది. విడిచిన చెప్పులో కాలు దూర్చి, టపటపమని నడుచుకుంటూ ముందు దర్వాజాలోంచి లోపలికి పోయింది. యాకమ్మ కొంగుతో కళ్లొత్తుకుంటూ నా వైపు తిరిగింది. "గక్కడనే నిలవడ్డవేంది? నువ్వు గూడ రా బిడ్డా" అన్నది. మా ఇంట్లోకి నన్ను ఆమే పిలిచింది. అంత సంతోషం నాకు మళ్లీ కలగలేదు.

యాకమ్మ పోయి రెండేళ్లయింది. ఆమె కత్తి నా సంచిలోనే ఉంటుంది, అరిగి సగమైంది. నిన్న జనగామలో దాన్ని తీసుకొని నేను ఇంటి వెనక్కి నడుస్తుంటే, ఇంటాయన పరేషానై వెంటపడ్డాడు.

"మేడం, ముందు గోడ గిటున్నది!"

"కనవడుతుంది అన్నా. మీ ఇంట్ల పని చేసినోళ్లు ఏడ కూసునేటోళ్లు? ముందుగాల గది చూపియ్యి."